తాబేటి క్రింద నేమి పఱచవలెను?

శ్రీకూర్మనాథుడు వెలసిన మా శ్రీకాకుళము జిల్లావారికి తాబేలు పరాయి ప్రాణి కాదు. ఆ కోవెలలో నక్షత్ర తాబేళ్లను సాకుట యెల్లరు నెఱిగినదే. అయినను ఇంట దీనిని పెంచుట చట్టవిరుద్ధము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2022లో చేసిన సవరణచే నక్షత్ర తాబేలు మొదటి షెడ్యూలున చేరినది. కావున త్రోవలో గాయపడినది కనబడినచో అటవీశాఖవారికి కబురంపి, వారు వచ్చునందాక కాపాడుటయే మన ధర్మము. ఆ యొకటి రెండు పూటలకైనను దాని క్రింద నేమి పఱచితిమన్నది ముఖ్యము.

పలాసలో కుప్పలుగా దొరకుచున్నవి గదా యని జీడిపిక్కల పెంకులు పఱవరాదు. అందలి నూనె చర్మమును పొక్కించును; పిక్కలొలుచు స్త్రీల చేతులే యిందుకు సాక్ష్యము. ఉద్దానపు తీరమందలి యిసుకయు వలదు. మేతతో కడుపున జేరి ప్రేగులకు అడ్డుపడును. కొబ్బరిపీచు పోగులు కాళ్లకు చుట్టుకొనును. రంపపు పొట్టు కన్నులకును ఊపిరికిని చేటు. నున్నని గచ్చుపై కాళ్లు జారును.

మఱి యేది మేలు? పురుగుమందు సోకని పెరటి మట్టిని జల్లించి, గాజుపెంకులును మేకులును ఏఱివేసి, నాలుగంగుళముల మందమున పఱచి, ఒక మూల ఎండుగడ్డి వేయుడు. మట్టి బురద కారాదు; ఎడతెగని తడిచే డిప్ప చెడును. మేతను మట్టిపై గాక పలకఱాతిపై నుంచుడు. నీటిని లోతులేని పళ్లెమున బెట్టుడు.

తాబేటిని ముట్టిన పిల్లలచే వెంటనే సబ్బుతో చేతులు కడిగింపుడు. దాని యొంటినున్న సూక్ష్మజీవులు పసివారికి జ్వరమును, విరేచనములును కలిగింపగలవు. మూగప్రాణికి చేసిన యుపకారము మన బిడ్డలకు అపకారము కాకుండ జూచుకొనుటయు గృహిణి పనియే యని మా మనవి.