అడుగు పడితేనే... దారి!

కొండ మీద సున్నపురాయి బండలు. అడుగున నది. మధ్యలో ఒక్క మనిషి మాత్రమే పట్టే కాలిబాట. ఒకప్పుడు గొర్రెలు నడిచిన ఆ బాట మీద ఇప్పుడు జనం పరుగు తీస్తున్నారు. దక్షిణ ఫ్రాన్స్ పల్లెల్లో ఆ పరుగు ఒట్టి సరదా కాదు... పాత దారులకు ఆయుష్షు పోసే పని!

అక్టోబరు నెలాఖరు. ఇంకా తెల్లారదు. మియో అనే చిన్న పట్టణంలో చలికి చేతులు రుద్దుకుంటూ జనం బారులు తీరి ఉంటారు. ప్రతి ఒక్కరి నుదుటిమీదా ఓ చిన్న లైటు. వీపున నీళ్ల సంచి. సంకేతం వినపడగానే అందరూ ఒక్కసారిగా కదులుతారు. కాసేపటికి చూస్తే, ఊరి పక్క కొండ మీదికి మిణుగురుల దండు ఎగబాకుతున్నట్టే ఉంటుంది.

అదే 'తాంప్లియే' పరుగు. 1995లో మొదలైంది. కొండలూ అడవుల గుండా పరిగెత్తే 'ట్రెయిల్ రన్నింగ్'కి ఫ్రాన్స్‌లో ఊపు తెచ్చిన తొలి పందేల్లో ఇదొకటి. అందులోని పెద్ద పరుగు సుమారు 80 కిలోమీటర్లు. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం! మధ్యయుగంలో ఈ ప్రాంతాన్ని ఏలిన టెంప్లర్ యోధుల పేరే దీనికి పెట్టారు. లా కువర్తువారద్ అనే ఊళ్లో వాళ్లు కట్టిన కోట ఇప్పటికీ ఉంది.

గొర్రెలు వేసిన బాట

ఈ ప్రాంతాన్ని 'కోస్' అంటారు. అంటే సున్నపురాయి పీఠభూములు. లార్జాక్, కోస్ నువార్, మెజాన్, సోవెతేర్... ఇలా నాలుగు పెద్ద రాతి బల్లలు. వాటిని తార్న్, జోంత్, దూర్బీ నదులు కోసుకుంటూ వెళ్లాయి. కొన్నిచోట్ల లోయ 400 మీటర్లకు మించిన లోతు. పైన మాత్రం చుక్క నీరు నిలవదు. కురిసిన వాన కురిసినట్టే రాతి పగుళ్లలోంచి లోపలికి ఇంకిపోతుంది. అందుకే గొర్రెల కోసం పూర్వీకులు అక్కడక్కడా రాళ్లు పరిచి గుండ్రటి మడుగులు కట్టుకున్నారు. వాటిని 'లవోన్యు' అంటారు.

ఇక్కడ బతుకంతా గొర్రెల చుట్టూనే తిరిగింది. ప్రపంచ ప్రసిద్ధి పొందిన రోక్‌ఫోర్ చీజ్ తయారయ్యేది ఈ గొర్రెపాలతోనే. వేసవి రాగానే మైదానాల నుంచి మందల్ని సెవెన్ కొండల మీది పచ్చికకు తోలుకెళ్లేవారు. అలా శతాబ్దాల తరబడి డెక్కల కింద నలిగి ఏర్పడ్డ బాటల్ని 'ద్రాయ్' అంటారు. గొర్రెల కాపరుల ఈ బతుకుతీరును గుర్తించే, 2011లో యునెస్కో కోస్, సెవెన్ ప్రాంతాల్ని ప్రపంచ వారసత్వ సంపదగా ప్రకటించింది. ఇప్పుడు నడిచేవాళ్లూ, పరిగెత్తేవాళ్లూ చాలాచోట్ల ఆ బాటల మీదే సాగుతున్నారు. తల పైకెత్తితే రాబందులు గిరికీలు కొడుతుంటాయి. ఒకప్పుడు ఇక్కడ పూర్తిగా అంతరించిపోతే, 1981 నుంచి మళ్లీ తెచ్చి వదిలారు.

ఈ నేల దక్కడం వెనక ఓ పోరాటమూ ఉంది. 1971లో ఫ్రాన్స్ ప్రభుత్వం లార్జాక్ మీది సైనిక శిబిరాన్ని భారీగా విస్తరిస్తామంది. పొలాలు అమ్మేది లేదని 103 మంది రైతులు ప్రతిన పూనారు. 1972లో గొర్రెల్ని తీసుకెళ్లి ఏకంగా పారిస్‌లో ఈఫిల్ టవర్ కిందే మేపారు! పదేళ్లు పోరాడారు. 1981లో అధ్యక్షుడైన మితెరాఁ ఆ పథకాన్ని రద్దు చేశారు. వాళ్లు ఆ రోజు తలొగ్గి ఉంటే లార్జాక్‌లో ఎన్నో బాటలు ముళ్లకంచె లోపలికి వెళ్లిపోయేవి.

అడవి మింగేసింది

నేల మిగిలినంత మాత్రాన దారి మిగలాలని లేదు. ఫ్రాన్స్‌లో 19వ శతాబ్దం మొదట్లో ఉన్న అడవి ఇప్పటికి సుమారు రెట్టింపైంది. వినడానికి బాగానే ఉంది. కానీ అందులో చాలా భాగం, పల్లె జనం పట్నాల బాట పట్టాక పాడుబడ్డ పొలాల్లో మొలిచిందే. సెవెన్ కొండల్లో తాతలు రాయిమీద రాయి పేర్చి కట్టిన మెట్ల చేలున్నాయి. వాటిలో పెంచిన చెస్ట్‌నట్ చెట్లే ఒకప్పుడు పేదల కడుపు నింపాయి. ఇప్పుడు ఎన్నో చేలు పొదల్లో కలిసిపోయాయి. వాటితోపాటే బాటలూ!

మైదానాల్లో ఇంకో కథ. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ట్రాక్టర్లకు వీలుగా చిన్న చిన్న కమతాల్ని కలిపి పెద్దవి చేశారు. ఆ ఊపులో గట్లూ, కంచె చెట్లూ, వాటి మధ్య దారులూ దున్నేశారు. గోదావరి జిల్లాల్లో పుంతలు, గుంటూరు వైపు డొంకలు పక్క పొలాల్లో కలిసిపోవడం చూసినవాళ్లకు ఇది కొత్తేం కాదు.

ఈ దారుల్ని కాపాడింది ఓ రంగు డబ్బా అంటే నమ్ముతారా? పారిస్ దగ్గరి ఫోంతేన్‌బ్లో అడవిలో దెనెకూర్ అనే మాజీ సైనికుడు ఉండేవాడు. నెపోలియన్ సైన్యంలో పనిచేసినవాడు. 1840లలో సొంత ఖర్చుతో బాటలు తీర్చి, చెట్లమీదా బండలమీదా నీలిరంగు బాణాలు గీశాడు. దారి తప్పుతామన్న భయం లేకుండా మామూలు జనం అడవి చూడగలిగారు. 1947లో అదే దారిలో జాతీయ స్థాయి ప్రయత్నం మొదలైంది. జాఁ లువాజో అనే ఆర్కిటెక్టు చొరవతో లువార్ నది పక్కన, ఒర్లియాన్ దగ్గర తొలి 'జీఆర్' - అంటే సుదూర కాలిబాట - సిద్ధమైంది.

ఇవాళ దేశమంతా కలిపి గుర్తులున్న కాలిబాటలు 1.8 లక్షల కిలోమీటర్లకు పైనే! తెలుపు కింద ఎరుపు గీత ఉంటే అది జీఆర్. పసుపు కింద ఎరుపు అయితే ఒక ప్రాంతాన్ని చుట్టివచ్చే బాట. ఒట్టి పసుపు అయితే పూటలో ముగిసే చిన్న దారి. రంగుల్లో అడ్డంగా ఇంటూ గుర్తు కనిపిస్తే దారి తప్పారన్నమాట. ఇవన్నీ గీసేదీ, వెలిసిపోతే మళ్లీ వేసేదీ, అడ్డొచ్చిన కొమ్మలు కొట్టేదీ వేల మంది స్వచ్ఛంద కార్యకర్తలే.

'ట్రెజర్ ఐలాండ్' రచయిత స్టీవెన్సన్ 1878లో మోదెస్తీన్ అనే గాడిదను వెంటబెట్టుకుని సెవెన్ కొండల్లో పన్నెండు రోజులు నడిచాడు. ఆ అనుభవాల్ని పుస్తకంగా రాశాడు. ఆయన అడుగుజాడల్లోనే ఇప్పుడు 'జీఆర్ 70' ఉంది. సుమారు 270 కిలోమీటర్ల ఆ దారి వెంట ఉన్న పల్లెల్లో బసలకూ, అంగళ్లకూ ఆ బాటసారులే ఓ ఆసరా.

చట్టమూ అదే అంటోంది

అసలు విశేషం ఇక్కడుంది. ఫ్రాన్స్‌లో పల్లె దారులు గ్రామ పంచాయతీ ఆస్తి. అక్కడి గ్రామీణ చట్టం ప్రకారం, జనం రాకపోకలు సాగించే పల్లె దారిని ప్రజల దారిగానే భావించాలి. ఎవరూ వాడటం మానేస్తే? దాన్ని అమ్మేసే వీలు పంచాయతీకి ఉంది. ముప్ఫై ఏళ్లపాటు పక్క రైతు దున్నుకుంటూ పోతే అతనిదే అయ్యే ప్రమాదమూ ఉంది. అంటే అడుగు పడినంత కాలమే దారి! అందుకే 1983 నాటి చట్టం జిల్లాలవారీగా నడకదారుల జాబితా పెట్టించింది. అందులో చేరిన పల్లె దారిని అమ్మాలంటే బదులుగా మరో దారి చూపాల్సిందే.

అయినా తగవులు తీరలేదు. ఫ్రాన్స్ అడవుల్లో నాలుగింట మూడు వంతులు ప్రైవేటువే. 2023 ఫిబ్రవరిలో కొత్త చట్టం వచ్చింది. అడవుల్లో జంతువుల రాకపోకలకు అడ్డుగా ఉన్న ఎత్తయిన కంచెల్ని తగ్గించడం దాని ఉద్దేశం. అదే చట్టం, ప్రైవేటు స్థలమని బోర్డున్న చోట అడుగుపెడితే జరిమానా అని కూడా చెప్పింది. ఆ ఏడాదే ఆల్ప్స్ దగ్గరి షార్త్రూజ్ కొండల్లో ఓ భూస్వామి సుమారు 750 హెక్టార్ల మేర ప్రవేశం లేదని బోర్డులు పెట్టాడు. తరతరాలుగా తిరిగిన చోటుకి ఇప్పుడు రావద్దంటే ఎలాగని నడిచేవాళ్లు రోడ్డెక్కారు.

పరుగు తీసేవాళ్ల తప్పులూ లేకపోలేదు. ఒకేరోజు వేల కాళ్లు పడితే తడిసిన నేల కోసుకుపోతుంది. అడ్డదారులు తొక్కితే పచ్చిక చస్తుంది. రాళ్లగోడ ఎక్కితే ఊడిన రాయిని మళ్లీ పేర్చుకోవాల్సింది రైతే.

మీరూ వెళ్తారా?

ఆ వైపు వెళ్లే అవకాశం వస్తే ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

* సాధారణంగా సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేట కాలం. 'వేట జరుగుతోంది' అన్న బోర్డు కనిపిస్తే వెనుదిరగాలి. మెరిసే నారింజ రంగు జాకెట్టు వేసుకోవాలి.

* మంద దగ్గర 'పతూ' అనే పెద్ద తెల్ల కాపలా కుక్కలు ఉండొచ్చు. 1990లలో ఫ్రాన్స్‌కి తోడేళ్లు తిరిగొచ్చాక వీటి అవసరం పెరిగింది. వాటిని చూడగానే పరుగు ఆపి, మందకు దూరంగా నెమ్మదిగా నడవాలి.

* తెరిచిన గేటును మళ్లీ మూయాలి.

* కోస్ మీద నీళ్లు దొరకవు. వెంట తీసుకెళ్లాల్సిందే. ఆపదొస్తే 112కి ఫోన్ చేయాలి.

పొద్దెక్కేసరికి మియో కొండల మీద నుదుటి లైట్లన్నీ ఆరిపోతాయి. ముందు వెళ్లినవాళ్ల బూటు గుర్తులు మట్టిలో కనిపిస్తుంటాయి. వెనకొచ్చేవాళ్లు వాటి మీదే కాలు వేస్తారు. వాళ్లలో చాలామందికి పతకాల ఆశ లేదు. సాయంత్రానికి ఇల్లు చేరితే చాలు. కానీ వాళ్లకు తెలియకుండానే మరో పనీ జరిగిపోతుంది... ఆ దారి ఇంకో ఏడాది బతుకుతుంది!