టిక్ టిక్... ఏమిటా చప్పుడు?

స్కూలు సెలవుల్లో మెల్‌బోర్న్ నుంచి హెలెన్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి కుటుంబసమేతంగా కారులో బయలుదేరాం. సాయంత్రం దర్శనానికి అందుకోవాలని నా ఆరాటం. హ్యూమ్ హైవే మీద ఆల్బరీ దాటాక, ఏ లారీ నుంచి పడ్డాయో గానీ, టైరు ముక్కలూ విరిగిన చెక్కలూ రోడ్డు మీద చెల్లాచెదురుగా ఉన్నాయి. పక్క లేనులో బండి ఉండటంతో తప్పించలేక వాటి మీదుగానే పోనిచ్చాను.

కాసేపటికి వెనక సీట్లోంచి మా అమ్మాయి, "నాన్నా, టిక్ టిక్‌మని వినిపిస్తోంది" అంది.

"రాయి ఇరుక్కుని ఉంటుందిలే అమ్మా" అన్నాను.

"మీరు స్లో చేస్తే అదీ స్లో అవుతోంది నాన్నా."

మా ఆవిడ ఊరుకోలేదు. "ఏవండీ, దర్శనం రేపైనా అవుతుంది. ముందు బండి ఆపి చూడండి."

సబ్‌మెరైన్ ఉన్న ఊరు హోల్‌బ్రుక్‌లో పెట్రోలు బంకు దగ్గర ఆపాను. వెనక ఎడమ టైరులో ఒక స్క్రూ దిగి ఉంది. పక్కనే రబ్బరు చిన్నగా తెగింది. స్క్రూ పీకేద్దామని చెయ్యి చాపి, ఆగాను. పీకితే ఉన్న గాలి కూడా పోతుంది! గాలి కొలిచి చూస్తే, వేడి మీదున్న మిగతా మూడు టైర్లలో 37 పీఎస్ఐ, దీనిలో మాత్రం 31. డాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటేదీ వెలగనేలేదు.

పక్క వీధిలోని టైర్ల షాపతను టైరు ఊడదీసి, లోపలి వైపు కూడా పరీక్షించి ఓపిగ్గా వివరించాడు. నేలకు ఆనే ట్రెడ్ మధ్యలో చిన్న రంధ్రమైతే లోపలి నుంచి ప్లగ్గు, ప్యాచ్ కలిపి వేసి బాగుచేయవచ్చు. అంచులోనో, పక్కగోడలోనో పడితే మార్చాల్సిందే. టైరు తిరిగేటప్పుడు ఎక్కువగా వంగేది అక్కడే కనుక అతుకు నిలవదు. పైపై రబ్బరు మాత్రమే తెగితే కనిపెట్టి ఉంటే చాలు. లోపలి తీగలు కనిపించినా, ఎక్కడైనా ఉబ్బినా ఇక ఆ టైరును నమ్మకూడదు. ట్రెడ్ లోతు 1.5 మిల్లీమీటర్లకు తగ్గితే ఇక్కడి చట్టమూ ఒప్పుకోదు.

పిల్లలూ, హైవే పక్కన కారు ఆగితే ట్రాఫిక్ లేని ఎడమ వైపు నుంచే దిగి, రోడ్డుకు దూరంగా నిలబడండి. అమ్మానాన్నలు పిలిచేదాకా కారు దగ్గరికి రావద్దు.

చిన్న వార్నింగే కదా అని వదిలేయవద్దని ఆఫీసులో క్లయింట్లకు రోజూ చెప్పేవాణ్ణి నేనే. కారులో మా అమ్మాయి చెబితే మాత్రం రాయిలే అని కొట్టిపారేశాను. దర్శనం మర్నాడు పొద్దున ప్రశాంతంగా అయింది. ఇప్పుడు దూరప్రయాణమంటే చాలు, గేజీ పట్టుకుని ముందుగా కారు చుట్టూ తిరిగేది మా అమ్మాయే. దాని వెనకాల నేను!