నల్ల పూత చాకు బిగుతుగా తెరుచుకుంటుంటే ఏం చేయాలి?

ఈమధ్య మా సంఘం సభ్యుల చేతుల్లో నల్లటి మడత చాకులు ఎక్కువగా కనిపిస్తున్నాయి. కొన్ని విదేశాల్లో ఉన్న పిల్లలు సెలవులకు వస్తూ తెచ్చినవి, కొన్ని ఆన్‌లైన్‌లో కొన్నవి. హోసూరు, కృష్ణగిరి వైపు మనవాళ్ళలో గులాబీ, మామిడి తోటల పని చేసేవాళ్ళున్నారు, కరెంటు పని చేసేవాళ్ళున్నారు. వాళ్ళకు చాకు రోజూ వాడే పనిముట్టు. మాలాంటి రిటైరైన గుమాస్తాలకు కూడా పెన్సిలు చెక్కడానికి, పార్సిలు విప్పడానికి అది లేకపోతే జేబు వెలితిగా ఉంటుంది. తమిళనాట దీన్ని పేనాకత్తి అంటాం. పక్షి ఈక కలాల మొన చెక్కుకున్న కాలం నాటి పేరు అది.

ఈ నల్ల చాకుల మీద మాకు వచ్చే ఫిర్యాదు ఒక్కటే: "చాకు బాగుంది గానీ, తెరుచుకోవడం లేదు." దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు. అరవై దాటిన బొటనవేలికి కీలు నొప్పి ఉంటుంది, పట్టు తక్కువ. బిగుసుకున్న బ్లేడును బలంగా తోస్తే ముందు కదలదు, తరువాత ఒక్కసారిగా వదులుతుంది. వేలు జారి పదునుమీద పడేది అప్పుడే. కాబట్టి మనకు కావలసింది చటుక్కున ఎగిరి తెరుచుకునే వేగం కాదు. బలం పెట్టకుండా తెరుచుకోవాలి, తెరుచుకున్నాక గట్టిగా లాక్ పడాలి. అంతవరకు చాలు.

పూత వల్ల బిగుతు ఎందుకు వస్తుంది?

బ్లేడు తుప్పు పట్టకుండా, మెరవకుండా ఉండడానికి పూత వేస్తారు. అన్ని పూతలూ ఒకటి కావు. బ్లాక్ ఆక్సైడ్ అనేది ఉక్కు పైపొరనే మార్చే పద్ధతి. దాని మందం ఒకటి రెండు మైక్రాన్లకు మించదు. డీఎల్‌సీ అనే గట్టి కార్బన్ పూత కూడా కొద్ది మైక్రాన్లే. సెరకోట్ లాంటి పెయింటు రకం సుమారు 25 మైక్రాన్లు ఉంటుంది. పౌడర్ కోటింగు అయితే 50 మైక్రాన్లు దాటుతుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే తేడా అర్థమవుతుంది.

పిడి లోపల బ్లేడు మొదలు ఇరుసు చుట్టూ తిరుగుతుంది. దానికి రెండు వైపులా ఇత్తడి రంగులో ఉండే కంచు వాషర్లో, నైలాన్ వాషర్లో ఉంటాయి. మందమైన పూత ఆ ఇరుకు చోటును ఇంకా ఇరుకు చేస్తుంది. పైగా పెయింటు పట్టుకోవడానికి ముందుగా ఉక్కును ఇసుక చిమ్మినట్టు గరుకు చేస్తారు. పూత పలుచనిదైతే కింది గరుకు అలాగే పైకి వస్తుంది. నునుపుగా జారాల్సిన చోట సన్నని ఆకురాయి పెట్టినట్టవుతుంది. కొత్తలో పూత అరిగి రాలే పొడి కూడా వాషర్ల మధ్యే చేరుతుంది.

ముందు ఎక్కడ పడుతోందో చూడండి

మెల్లగా తెరుస్తూ గమనించండి. మొదటి కదలిక దగ్గరే మొరాయించి, ఆ తరువాత తేలిగ్గా వస్తుంటే కారణం లాక్ పట్టీలో ఉండే చిన్న గుండు. మూసిన బ్లేడును జేబులో తెరుచుకోకుండా పట్టి ఉంచేది అదే. మొదటి నుంచి చివరి వరకు ఒకే బరువుగా తిరుగుతుంటే ఇరుసు స్క్రూ బిగువో, వాషర్ల దగ్గర మురికో కారణం. గీసుకుంటున్న చప్పుడు వస్తుంటే గుండు పూత మీద గీత పెడుతోందని అర్థం. కొత్త చాకులో ఇది మామూలే. ఆ గీత నునుపు తేలాక చప్పుడు తగ్గుతుంది.

తేలిక పని నుంచి మొదలుపెట్టండి

ఒకటి: పదును మీద కరెంటు టేపు చుట్టండి. ఏ పని చేసినా ఇది తప్పనిసరి.

రెండు: శుభ్రం చేయండి. గోరువెచ్చని సబ్బు నీళ్ళలో మెత్తని టూత్ బ్రష్‌తో ఇరుసు చుట్టూ తోమి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. అసిటోన్, థిన్నర్ వాడొద్దు. పెయింటు రకం పూతను, ప్లాస్టిక్ పిడిని అవి పాడుచేయవచ్చు. సోలాపూర్ మరమగ్గాల దగ్గర పనిచేసే మనవాళ్ళ జేబుల్లో నూలు పీచు చేరుతుంది. తోటపని వాళ్ళకు మామిడి జీడి అంటుకుంటుంది. జీడికి స్పిరిట్ తడిపిన గుడ్డ మంచిది. చాలా చాకుల జబ్బు ఈ దశలోనే నయమవుతుంది.

మూడు: నూనె వేయండి. ఇరుసు దగ్గర రెండు వైపులా ఒక్కొక్క చుక్క కుట్టుమిషన్ నూనె చాలు. ఎక్కువైతే దుమ్మును పట్టుకుంటుంది. కొబ్బరినూనె వద్దు. అది సుమారు 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, హోసూరు చలికాలం ఉదయాల్లో చాకు ఇంకా బిగుస్తుంది. ఇతర వంటనూనెలు కొన్నాళ్ళకు జిగురుగా మారతాయి. డబ్ల్యూడీ-40 మురికి వదిలించడానికి పనికొస్తుంది గానీ ఎక్కువకాలం నిలవదు. పండ్లు కోసే చాకైతే తినే వస్తువులకు పనికొచ్చే మినరల్ ఆయిలే వాడండి.

నాలుగు: ఇరుసు స్క్రూ సరిచేయండి. చాలావాటికి నక్షత్రం ఆకారపు టీ6 లేదా టీ8 కీ పడుతుంది. ఒక చుట్టులో ఎనిమిదో వంతు మాత్రమే వదులు చేసి తెరిచి చూడండి. బ్లేడును పక్కలకు ఊపితే కదలిక ఉండకూడదు. కదిలితే అంతే మేర తిరిగి బిగించండి. స్క్రూ అసలు కదలకపోతే ఫ్యాక్టరీలో మర జిగురు వేసి ఉంటారు. బలం పెడితే స్క్రూ తల చెడుతుంది. వేడి సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తలకు కాసేపు ఆనిస్తే జిగురు మెత్తబడుతుంది.

ఐదు: తెరిచి మూస్తూ అలవాటు చేయండి. టీవీ చూస్తూ కాదు, చూపు చాకు మీదే పెట్టి, రోజుకు యాభై సార్ల చొప్పున వారం రోజులు. తరువాత మళ్ళీ కడిగి, పొడి వదిలించి, నూనె వేయండి.

అప్పటికీ తగ్గకపోతే

ఇక విప్పాలి. విప్పితే కొన్ని కంపెనీల గ్యారంటీ పోతుంది, ముందు ఆ కాగితం చదవండి. విప్పే ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీసి, భాగాలను వరుసగా తెల్లగుడ్డ మీద పెట్టండి. బ్లేడు మొదట్లో వాషరు ఆనే చోట మార్కర్ పెన్నుతో రంగు వేసి, బిగించి, పదిసార్లు తిప్పి మళ్ళీ విప్పండి. రంగు పోయిన చోటే ఒరుసుకుంటోందని తెలుస్తుంది. కంచు వాషర్లను గాజు పలక మీద పరిచిన 2000 నంబరు నీటి ఎమెరీ కాగితం మీద, వేలితో ఆనించి గుండ్రంగా రుద్దండి. బ్లేడు మీద వాషరు ఆనే వలయాన్ని మాత్రం అదే కాగితంతో, ఆ తరువాత బ్రాసోతో మెరుగు పెట్టండి. రెండు వైపులా సమానంగా చేయాలి. లేకపోతే మూసినప్పుడు బ్లేడు ఒక పక్కకు ఒరుగుతుంది.

పూత పోయిన చోట పచ్చి ఉక్కు బయటపడుతుంది. యానాం, బరంపురం వంటి తీరప్రాంతాల ఉప్పుగాలిలో అది త్వరగా తుప్పు పడుతుంది. అక్కడి వాళ్ళు నెలకోసారి నూనె మరవకూడదు. తిరిగి బిగించేటప్పుడు స్క్రూ మరకు నీలం రంగు జిగురు ఆవగింజంత చాలు. అది వాషర్లకు అంటితే పని మళ్ళీ మొదటికి వస్తుంది. బాల్ బేరింగులు ఉన్న చాకులో రుద్దే పని పెట్టుకోకండి, కడిగి నూనె వేయడమే.

వీటి జోలికి వెళ్ళకండి

లాక్ వచ్చి బ్లేడుకు ఆనే ముఖాన్ని ఆకురాయితో తాకవద్దు. అక్కడి వాలు కొంచెం మారినా పని మధ్యలో లాక్ జారి బ్లేడు వేళ్ళ మీద మూసుకుంటుంది. గుండు పడే రంధ్రాన్ని పెద్దది చేయడం, లాక్ పట్టీని వంచడం కూడా వద్దు. ఆ పట్టు తగ్గితే చాకు జేబులోనే తెరుచుకుంటుంది.

పని అయ్యాక, టేపు తీయకముందే మూడు పరీక్షలు చేయండి. మూసి, నోరు కిందికి పెట్టి ఊపితే తెరుచుకోకూడదు. తెరిచి పక్కలకు కదిపితే ఊగకూడదు. లాక్ పడ్డాక, వేళ్ళు బ్లేడు దారిలో లేకుండా పట్టుకుని, బ్లేడు వీపును బల్ల అంచుకు ఆనించి మెల్లగా నొక్కితే మూసుకోకూడదు. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా ఆ చాకును పనికి తీయవద్దు.

అంట్లు కట్టే చాకుల్లో చాలావాటికి పూత ఉండదు, లాకూ ఉండదు. వెన్ను స్ప్రింగే వాటిని నిలబెడుతుంది. వాటికి శుభ్రం చేయడం, నూనె వేయడం అనే దశలు చాలు. ఇంకో మాట. ఊరికి బయలుదేరేటప్పుడు జేబులు చూసుకోండి. విమానంలో చాకును చేతిసంచిలో తీసుకెళ్ళనివ్వరు, చెక్ఇన్ సామానులో పెట్టాలి.

మా సంఘం గదిలో టీ6, టీ8 కీలు, కుట్టుమిషన్ నూనె, 2000 నంబరు కాగితం ఉంచాం. చూపు ఆనని పెద్దలు నెల మొదటి ఆదివారం ఉదయం చాకు తీసుకురావచ్చు. స్క్రూలు తిప్పడానికి ఇద్దరు కుర్రాళ్ళు ఒప్పుకున్నారు. టేపు మాత్రం ఇంట్లోనే చుట్టి తీసుకురాగలరు.