పెంగ్విన్ల కోసం ఖాళీ అయిన ఊరు

పెంగ్విన్లు అనగానే మీకు మంచుగడ్డలే జ్ఞాపకం వస్తాయి, అవునా? అయితే మంచుతో పనిలేని పెంగ్విన్లు కూడా ఉన్నాయి. వాటిని చూడాలంటే ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరానికి సుమారు 140 కిలోమీటర్ల దూరాన ఉన్న ఫిలిప్ దీవికి వెళ్ళాలి. అన్నీ వివరించి చెప్పే మనిషితో సహా అక్కడికి బస్సులు వెళతాయి, రాత్రికి తిరిగి వస్తాయి. మనమూ ఒక బస్సెక్కుదాం, రండి.

శాన్ రెమో అనే ఊరి దగ్గర వంతెన దాటితే ఫిలిప్ దీవి. అక్కడినుంచి ఇంకొక చిన్న వంతెన దాటితే చర్చిల్ దీవి. ఇది ఇంగ్లండు ప్రధానమంత్రి చర్చిల్ పేరు కాదు సుమా! 1801లో జేమ్స్ గ్రాంట్ అనే నావికాధికారి "లేడీ నెల్సన్" అనే ఓడలో వచ్చి, ఇక్కడ కొంచెం నేల బాగుచేసి గోధుమలు వగైరా చల్లాడు. ఆ విత్తనాలిచ్చి పంపిన ఆసామి పేరు జాన్ చర్చిల్. విక్టోరియా రాష్ట్రంలో ఐరోపావాళ్ళు చేసిన మొదటి సేద్యం ఇదేనంటారు. అంతకు వేల ఏళ్ళ ముందునుంచీ ఈ తీరం బూనురాంగ్ ప్రజలది.

1872లో ఈ దీవిని కొన్న శామ్యూల్ ఏమెస్ ఇల్లు ఇప్పటికీ ఉన్నది. గొర్రెల ఉన్ని కత్తిరించటం, ఆవు పాలు పితకటం చూపిస్తారు. పాలు పితకటం మనకు వింత కాదుగాని, కళ్ళమీదికి జూలు వేలాడే హైలాండు పశువులను చూస్తే మీకు నవ్వాగదు.

పొద్దు వాలేసరికి బస్సు ఫిలిప్ దీవి పడమటి కొసకు, సమ్మర్‌లాండ్‌కు చేరుతుంది. (డిసెంబరులో అక్కడ వేసవి, పొద్దు గుంకేసరికి దాదాపు తొమ్మిదవుతుంది.) మెట్లమీద చప్పుడు చెయ్యకుండా కూర్చోవాలి. ఫోటోలు తియ్యనివ్వరు, వెలుగు తగిలితే పక్షులు బెదిరిపోతాయి.

చీకటి పడుతుండగా అలల నురుగులోనుంచి ఏదో తెల్లగా కదులుతుంది. ఒకటి, రెండు, పది! జానెడున్నర ఎత్తు, సుమారు ఒక కిలో బరువు. పెంగ్విన్లన్నిటిలోకీ చిన్నవి ఇవే. వీపు నీలం, పొట్ట తెలుపు. పైనుంచి చూసే గద్దకు నీలిరంగు సముద్రంలో కలిసిపోతుంది. నీళ్ళ అడుగునుంచి చూసే శత్రువుకు తెలుపు ఆకాశంలో కలిసిపోతుంది. పగలల్లా చేపలు పట్టి, గద్దల కంట పడకుండా చీకట్లో గుంపుగా ఒడ్డెక్కుతాయి. కొన్ని నాలుగడుగులు వేసి, భయపడి మళ్ళీ నీళ్ళలోకి పరుగెత్తుతాయి! చివరకు ధైర్యం చేసి, ఇసుక దాటి, ఎవరి బొరియకు వారు పోతారు. బొరియల్లో ఆకలితో ఉన్న పిల్లల అరుపులు మీకు వినిపిస్తాయి.

ఒకప్పుడు ఈ బొరియల మధ్యనే మనుషుల ఇళ్ళుండేవి. ఇళ్ళతోపాటు రోడ్లు, కార్లు, కుక్కలు వచ్చాయి. నక్కలు సరేసరి. పక్షులు తగ్గిపోతూ వచ్చాయి. 1985లో ప్రభుత్వం ఒక నిర్ణయం చేసింది: ఇక్కడి స్థలాలన్నీ ఒక్కొక్కటే కొనివేసి, ఇళ్ళు తీసివేసి, నేలను పక్షులకు వదిలెయ్యాలని. ఆ పని 2010 దాకా సాగింది. సముద్రం ఎదుట ముచ్చటపడి కట్టుకున్న ఇల్లు వదలటమంటే మాటలా? నక్కలను కూడా వెతికి వెతికి పట్టారు. 2017లో దీవిలో నక్కలు లేవని ప్రకటించారు. ఇప్పుడక్కడ దాదాపు 40 వేల పెంగ్విన్లున్నాయి.

తిరిగి వెళ్ళేముందు కార్లలో వచ్చినవారంతా ఒక పని తప్పక చెయ్యాలి. మోకాళ్ళమీద వంగి కారు కిందికి చూడాలి. దారి తప్పిన పెంగ్విను ఒకటి, అదే తన ఇల్లనుకుని, చక్రం పక్కన నిలబడి ఉండవచ్చు!