సర్వరు మొరాయిస్తే... ఆగినది ఒకటి, ఆపినది మరొకటి

పింఛను పత్రానికో, భూమి నకలుకో పొరుగూరి నుంచి ఆటో ఎక్కి వచ్చినవారికి "సర్వరు మొరాయించింది, రేపు రండి" అన్న మాట కొత్త కాదు. ఆ మాట వెనుక కారణం ప్రతిసారీ ఒకటే కాదు. తీగ తెగి ఉండవచ్చు, కరెంటు పోయి ఉండవచ్చు. కానీ కొన్నిసార్లు కరెంటు ఉంటుంది, దీపాలు వెలుగుతూనే ఉంటాయి, పని మాత్రం అంగుళం కదలదు. అలాంటప్పుడు చాలామంది చేసేది యంత్రాన్ని ఆపి మళ్లీ వేయడమే. ఆ పూటకు గండం గడుస్తుంది గానీ జబ్బు ఏమిటో తేలదు.

కంప్యూటరులో డిస్కు, మెమరీ, ప్రాసెసరు ఎవరికి ఎంతసేపు దక్కాలో తేల్చే పెత్తనం కెర్నెలుది. ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ కెర్నెలే నేడు ప్రపంచంలోని సర్వర్లలో చాలా వాటిని నడుపుతోంది. పల్లెల్లో చేతిచేతికీ కనిపించే ఆండ్రాయిడ్ ఫోనులో ఉన్నదీ అదే.

కేకేసినా లేవని నిద్ర

కెర్నెలు కింద ఒకేసారి వందల పనులు ఉంటాయి. ఏ క్షణంలో చూసినా వాటిలో ఎక్కువ భాగం నిద్రలోనే ఉంటాయి. అరుగు మీద కునుకు తీసే మనిషి కేకేస్తే లేచినట్టు, మామూలు నిద్రలో ఉన్న పని పిలిస్తే లేస్తుంది. పనుల జాబితాలో దాని గుర్తు 'ఎస్'. రెండోది 'డి' గుర్తు నిద్ర. డిస్కును ఏదో అడిగి జవాబు కోసం కూర్చున్న పని ఇందులోకి పోతుంది. దీన్ని ఎవరు పిలిచినా లేవదు. ఎంతటి పనినైనా చంపే 'కిల్ -9' ఆజ్ఞ కూడా అది మేల్కొన్నాక గానీ అమలు కాదు. ఇది మొండితనం కాదు. ఖాతా సగం రాసి గుమాస్తా లేచిపోతే ఆ ఖాతా గతి ఏమవుతుంది? ఈ కట్టుబాటు అందుకే.

మామూలుగా ఈ నిద్ర రెప్పపాటు కూడా ఉండదు. నిమిషాల తరబడి సాగితేనే చిక్కు.

120 సెకన్ల కావలి

ఈ చిక్కును పసిగట్టడానికి 2008లో ఇంగో మోల్నార్ అనే కెర్నెలు నిపుణుడు ఒక కావలి పెట్టాడు. 'డి' నిద్రలో ఉన్న ప్రతి పనీ ప్రాసెసరు మీదికి ఎన్నిసార్లు వచ్చి వెళ్లిందో ఈ కావలి లెక్క చూస్తుంది. 120 సెకన్లు గడిచినా ఆ లెక్క మారకపోతే "ఫలానా పని 120 సెకన్లకు పైగా ఆగిపోయింది" అని కెర్నెలు చిట్టాలో రాస్తుంది. ఆ పని ఏ దారిన వెళ్లి ఎక్కడ నిద్రపోయిందో దాని కింద మెట్టుమెట్టుగా ఉంటుంది.

ఈ హెచ్చరిక వద్దనుకుంటే మాన్పించేది ఎలాగో కూడా అందులోనే ఒక వాక్యం ఉంటుంది. తొందరలో ఉన్నవారి కన్ను ముందు దానిమీదే పడుతుంది. దొంగను వదిలేసి, మొరిగే కుక్కను కట్టేసినట్టు! మరో సంగతి. మామూలు ఏర్పాటులో 10 హెచ్చరికలు రాశాక కావలి తనంతట తానే నోరు మూసుకుంటుంది. కొత్త హెచ్చరికలు లేవు కదా అని నిబ్బరపడరాదు.

కాలువ వెంట పైకి నడవాలి

చిట్టాలో పేరు పడిన పని చాలాసార్లు దోషి కాదు, చిక్కుకున్నది మాత్రమే. కాలువ చివరి చేనుకు నీరు అందకపోతే తప్పు చేనుది కాదు గదా. పైకి నడిచి ఏ తూము దగ్గర అడ్డు పడిందో చూడాలి. ఇక్కడా అంతే. మెట్లలో పైవరుస పేర్లు చూడాలి. 'ఐఓ షెడ్యూల్' అని ఉంటే ఆ పని డిస్కు జవాబు కోసం చూస్తోందన్నమాట. అంతకు కాస్త ముందు చిట్టాలో డిస్కు తప్పులు నమోదై ఉంటే దానికి చేటుకాలం వచ్చినట్టే. మరమ్మతు సంగతి తర్వాత, ముందు దస్త్రాలకు నకలు తీయాలి. 'ఎన్‌ఎఫ్‌ఎస్' అన్న మాటలు కనిపిస్తే దస్త్రాలు వేరే యంత్రంలో ఉన్నాయి, ఆ యంత్రమో మధ్య తీగో పలకడం లేదు. అది పలికిన వెంటనే ఇక్కడి పని తానే లేస్తుంది.

'మ్యూటెక్స్ లాక్' అని ఉంటేనే అసలు తిప్పలు. తాళం వేరొక పని చేతిలో ఉంది, ఎవరి చేతిలోనో తెలియదు. అనుమతి ఉన్న యంత్రాల్లో ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ మీటలతో పాటు 'డబ్ల్యూ' నొక్కితే 'డి' నిద్రలో ఉన్న పనులన్నీ చిట్టాకెక్కుతాయి. పది పనులు ఒకే తాళం కోసం కాచుకుని, పదకొండోది ఒక్కటే డిస్కు కోసం ఆగి ఉంటే, తాళం దాని దగ్గరే ఉందేమోనని చూడాలి. 2025లో వచ్చిన కొత్త కెర్నెళ్లలో తాళం పట్టుకున్న పని పేరును కావలే చూపే ఏర్పాటు ఉంది.

ఆగినదా, నెమ్మదా?

హెచ్చరిక పడిన ప్రతిసారీ ఏదో చెడిందని కాదు. నాసిరకం పెన్‌డ్రైవులోకి పెళ్లి వీడియో ఎక్కిస్తే కెర్నెలు దాన్ని ముందు మెమరీలో కుప్ప పోసుకుని, తర్వాత తీరిగ్గా డ్రైవులోకి దింపుతుంది. ఈ దింపుడు కోసం కాచుకున్న పని 120 సెకన్లు దాటినా హెచ్చరిక వస్తుంది. 'మెమ్‌ఇన్ఫో' అనే పట్టికలో 'డర్టీ', 'రైట్‌బ్యాక్' అంకెలు చూసి, నిమిషం ఆగి మళ్లీ చూస్తే తెలిసిపోతుంది. తగ్గుతుంటే పని నడుస్తున్నట్టే. ఆ సమయంలో డ్రైవు లాగేస్తే వీడియో పాడయ్యే ప్రమాదముంది.

ప్రాసెసరు దాదాపు ఖాళీగా ఉండి లోడు అంకె మాత్రం పెరుగుతుంటే అదీ ఒక గుర్తే. లినక్స్ 'డి' నిద్ర పనులను కూడా లోడు కింద లెక్క కడుతుంది.

ఆపి వేయక తప్పకపోతే ముందుగా చిట్టాకు నకలు తీసిపెట్టుకోవాలి. కెర్నెలు చిట్టా ఉండేది మెమరీలో కనుక యంత్రం ఆగితే అదీ పోతుంది. ఆ నకలు కూడా వేరే డిస్కు మీదికే తీయాలి. పలకని డిస్కు మీదికే రాయబోతే, నకలు తీసే పని కూడా పోయి 'డి' నిద్రలో చేరుతుంది.