దారం తెలిసి బట్ట కొనడం

పెన్న ఉత్తరపు ఒడ్డున ఉన్న కోవూరు పేరు చెప్పగానే వరిపొలాలు మనసులో మెదులుతాయి. కాని ఆ మండలంలోని పాటూరు చేనేత చీరలకు పేరుపొందిన ఊరు. అటువంటి చీరను కొనబోయేవారు రెండు సంగతులు తెలుసుకోవాలి: అది ఏ దారంతో నేసినది, ఏ మగ్గం మీద నేసినది.

దారానికి మూలం పీచు. పత్తి, జనుము మొక్కల నుంచి లభించేవి. వీటిలో ప్రధాన ద్రవ్యం సెల్యులోజు. పట్టు, ఉన్ని జంతుసంబంధమైనవి, ఇవి మాంసకృత్తులు. మూడవ తెగ మానవ సృష్టి. 1935లో అమెరికాలో కరోథర్స్ నైలానును, 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్‌లు పాలియెస్టర్ పీచును కనిపెట్టారు. ఖనిజతైలం నుంచి తయారైన పదార్థాన్ని కరగించి, సన్నని రంధ్రాల గుండా నెట్టి ఈ పోగులు తీస్తారు.

కృత్రిమ వస్త్రం త్వరగా నలగదు, త్వరగా ఆరుతుంది. అయితే సాధారణమైన గాలిలో 100 పాళ్ళ పత్తి సుమారు 8 పాళ్ళ తేమను పట్టి ఉంచగా, పాలియెస్టర్ అర పాలైనా పట్టదు. కోస్తా ఉక్కలో నూలుబట్ట హాయిగొల్పడానికి ఇదొక కారణం.

ఇక నేత. వెంకటగిరి నూలుచీరలకు వాడే 100వ నంబరు నూలు ఒక పౌను తూకానికి 84,000 గజాలు, అంటే దాదాపు 48 మైళ్ళు ఉంటుంది! ఇంత సన్నని పోగు మగ్గపు బిగువుకు తెగకుండా పడుగును బారుగా చాచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. వాన పడితే ఆ పని ఆగినట్లే. తరువాత మగ్గం మీద, కాలితో తొక్కగా పడుగు రెండుగా విడుతుంది. ఆ సందున నాడె పేకను తీసుకొనిపోతుంది. నేతగాడు దానిని బిగువుగా దగ్గరకు కొడతాడు. మరమగ్గం చేసేదీ ఇదే, కాని ఎన్నోరెట్లు వేగంగా.

చిక్కంతా ఇక్కడే. మరమగ్గపు సరుకు చేనేత పేరుతో అమ్ముడుపోతే కొనేవారికి డబ్బు, నేసేవారికి కూలి నష్టం. అందుకే కొన్ని వస్త్రాలను చేనేతకే ప్రత్యేకిస్తూ 1985లో చట్టం వచ్చింది. 2006లో చేనేత ముద్ర వెలసింది.

దారాన్ని ఇంటిలోనే పరీక్షించవచ్చు. పడుగు నుంచి ఒకటి, పేక నుంచి ఒకటి పోగులు తీసి, పట్టకారుతో పట్టుకొని, పిల్లలకు దూరంగా వెలిగించండి. నూలు కాగితం వలె కాలి మెత్తని బూడిద అవుతుంది. పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది. పాలియెస్టర్ కరగి గట్టి పూస కడుతుంది. అయితే మరమగ్గపు నూలు కూడా నూలువలెనే కాలుతుంది. కనుక నిప్పు దారాన్ని మాత్రమే చెప్పగలదు. మగ్గం సంగతికి చేనేత ముద్రను అడిగి చూడవలసిందే.