నిలకడ మీద నిజం

యంత్రం పనిచేయడం వేరు; నమ్మదగినట్లు పనిచేయడం వేరు. సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, కర్దనూర్ పరిసరాల విద్యార్థులకు పరిశ్రమలు కొత్తవి కావు. అధిక పీడనాన్ని భరించవలసిన పాత్రను నీటితో నింపి, అది నిత్యం భరించవలసిన దానికన్నా ఎక్కువ పీడనంతో పరీక్షించిన తరువాతనే వాడుకలోకి తేవడం పరిశ్రమలలో స్థిరపడిన పద్ధతి. ఇంట్లోని కంప్యూటర్‌కు కూడా ఇటువంటి పరీక్ష అవసరమే.

కంప్యూటర్‌లో గణనలన్నీ జరిపే భాగం ప్రాసెసర్. మనం ఉత్తరం టైపు చేస్తున్నప్పుడు అది చాలావరకు ఖాళీగానే ఉంటుంది. పనిభారం పెరిగినప్పుడు దానిలోని కోట్లాది ట్రాన్సిస్టర్లు ఎక్కువ విద్యుత్తును వినియోగించుకొని వేడెక్కుతాయి. ఆ వేడిని హీట్ సింక్ అనే లోహపు దిమ్మె గ్రహిస్తే, ఫ్యాన్ గాలిలోకి పంపుతుంది. అయితే ఫ్యాన్ ప్రాసెసర్‌ను గదిలోని గాలికన్నా చల్లగా ఉంచలేదు. కనుక డిసెంబరులో నెగ్గిన కంప్యూటర్, ఎండ 40 డిగ్రీలు దాటే మే నెలలో తడబడవచ్చు. వేడి హద్దుకు చేరితే నేటి ప్రాసెసర్లు తమ వేగాన్ని తామే తగ్గించుకొంటాయి. హద్దు మీరితే కంప్యూటర్ ఆగిపోతుంది.

ఈ పరీక్షకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ముందుగా ముఖ్యమైన ఫైళ్లకు నకలు తీసి వేరుగా భద్రపరచాలి. తరువాత నిడివిగల వీడియోను ఒక రూపం నుండి మరొక రూపంలోకి మార్చాలి. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వినియోగం నూరు శాతానికి చేరువగా కనిపిస్తే పరీక్ష మొదలైనట్లే. అరగంటసేపు ఉష్ణోగ్రతను, వేగాన్ని గమనించాలి.

వేడిని తట్టుకొన్నంత మాత్రాన పరీక్ష ముగియదు. లెక్క కూడా సరిగా రావాలి. 1994లో అమెరికాలోని లించ్‌బర్గ్ కళాశాల గణితాచార్యుడు థామస్ నైస్లీ ప్రధాన సంఖ్యలపై పరిశోధిస్తూ, ఇంటెల్ పెంటియం ప్రాసెసర్ కొన్ని భాగహారాలను తప్పుగా చేస్తున్నదని కనుగొన్నాడు. 4195835ను 3145727తో భాగించి, తిరిగి అదే సంఖ్యతో గుణించి, ఫలితాన్ని మొదటి సంఖ్య నుండి తీసివేస్తే సున్న రావాలి. లోపమున్న ప్రాసెసర్‌లో 256 వచ్చేది! ఈ లోపం వలన ఇంటెల్ 47.5 కోట్ల డాలర్ల భారాన్ని మోయవలసి వచ్చింది.

జవాబు ముందే తెలిసిన లెక్కను ఇచ్చి సరిచూడడమే ఇందులోని కిటుకు. పెద్ద ఫోల్డర్‌ను సెవెన్‌జిప్ వంటి సాఫ్ట్‌వేర్‌తో కుదించి, తిరిగి విప్పితే, మొదటి ఫైళ్లే యథాతథంగా రావాలి. ప్రధాన సంఖ్యలను వెదకే ప్రైమ్95 కూడా ఈ సూత్రంతోనే ప్రాసెసర్‌ను పరీక్షిస్తుంది. దానిని వాడేవారే 2016లో ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్లు క్లిష్టమైన గణనల నడుమ స్తంభించిపోతున్నాయని వెల్లడించారు. ఇంటెల్ ఆ లోపాన్ని సవరించింది.

పరీక్షలో తప్పు వచ్చినంతనే ప్రాసెసర్‌ను నిందించరాదు. పేరుకొన్న దుమ్ము, ఎండిపోయిన థర్మల్ పేస్ట్, లోపమున్న మెమరీ, చాలీచాలని విద్యుత్ సరఫరా కూడా కారణం కావచ్చు. ఒక్కొక్కటి సరిచేస్తూ, మళ్లీ పరీక్షించాలి. ఆగిపోయిన కంప్యూటర్ తన లోపాన్ని తానే చెబుతుంది. తప్పు జవాబిచ్చి కూడా నడిచే కంప్యూటర్ చెప్పదు. మన మార్కుల పట్టికలు, ఇంటి లెక్కలు, కుటుంబ ఛాయాచిత్రాలు దానికి అప్పగించే ముందు ఆ మౌనాన్ని పరీక్షించడం వివేకం.